గడ్డం దిద్దారు, అమ్మాయిని తీసేశారు

మా గోదావరి జిల్లాలో మస్కట్ అంటే ఊరు. అప్పులు తీర్చడానికి ఆడవాళ్ళు వెళ్ళే ఊరు. మా పిన్ని 2001లో వెళ్ళింది. రెండేళ్ళకోసారి ఇంటికి వచ్చినప్పుడు అత్తరు సీసా, పూలపూల దుప్పటి, రెండు కిలోల ఖర్జూరం తెచ్చేది. జట్టు గుర్తుని కూడా మస్కట్ అనే అంటారని హైస్కూల్లో ఇంగ్లీషు మాస్టారు చెప్పినప్పుడు మా క్లాసులో సగం మందికి నవ్వొచ్చింది. ఆ సగం మంది తల్లులో, పిన్నులో, అత్తలో అక్కడే ఉన్నారు మరి.

ఆ నవ్వు మర్చిపోయాను. కథలు చెప్పే స్త్రీపాత్రల మీద పిహెచ్.డి. చేస్తూ షెహ్రజాద్ వెంటపడి తిరుగుతున్నప్పుడు ఈ రెండు మస్కట్లూ కలిసి ఒకచోట కనిపించాయి. అరబ్బు దేశంలో కాదు, అమెరికాలో, కాలిఫోర్నియా ఎడారిలో ఒక హైస్కూల్లో.

థర్మల్ అనే చిన్న ఊళ్ళో ఉన్న కోచెల్లా వ్యాలీ హైస్కూలు అది. 1910లో మొదలైంది. రెండు ప్రపంచ యుద్ధాల మధ్యకాలంలో ఎప్పుడో దాని ఆటల జట్లకి 'అరబ్స్' అని పేరు పెట్టుకున్నారు. గోడల మీదా చొక్కాల మీదా ఒక మొహం ఉండేది. కొక్కెం ముక్కు, గుబురు గడ్డం, పళ్ళు కొరుకుతున్న కోపం, అందులో ఒక బంగారు పన్ను, తలకి గుడ్డ. ఆట మధ్య విరామంలో ఆ వేషం కట్టిన మనిషి మైదానంలోకి వచ్చేవాడు. అతనితో పాటు ఒక అమ్మాయి బెల్లీ డాన్సు చేసేది.

2013 నవంబరులో అరబ్ అమెరికన్ల వివక్ష వ్యతిరేక సంఘం ఒకటి ఇది అవమానం అని ఆ విద్యాశాఖకి ఉత్తరం రాసింది. నిజంగా అవమానమే, అందులో నాకు సందేహం లేదు. హాలీవుడ్ అరబ్బుని ఎలా చూపించిందో తేల్చడానికి జాక్ షాహీన్ తొమ్మిది వందలకు పైగా సినిమాలు చూసి 2001లో పుస్తకం వేశాడు. ఆ సినిమాల్లోని దొంగ, బందిపోటు, కాముకుడు, అందరూ కలిసి ఈ బడిగోడ మీది బొమ్మలో ఉన్నారు. చర్చలు జరిగాయి. 2014 సెప్టెంబరులో బోర్డు ఏకగ్రీవంగా తీర్మానం చేసింది. జట్టు పేరు 'మైటీ అరబ్స్' అయింది. కొత్త బొమ్మ గీయించారు. గడ్డం కత్తిరించి ఉంది, దవడ చదరంగా ఉంది, ముక్కు తిన్నగా ఉంది, చూపులో గాంభీర్యం ఉంది. వేషగాడిని విరమించారు. డాన్సు చేసే అమ్మాయినీ విరమించారు.

సమస్య హుందాగా పరిష్కారమైందని రాశారు. నా పేచీ ఆ హుందాతనంతోనే. మగవాడి మొహానికి మర్యాద తిరిగి వచ్చింది. ఆడదానికి ఏం వచ్చింది? ఆమె అవమానం కూడా అతని అవమానంలో భాగంగానే లెక్కలోకి వచ్చింది. అతని మొహం దిద్దాల్సిన పని, ఆమెని చెరిపెయ్యాల్సిన మచ్చ. ఇలాంటి సంస్కరణని ఎక్కడో చూశామని మనకి అనిపించాలి. దాని దగ్గరకి తర్వాత వస్తాను. ముందు ఆ గుర్తు ఎక్కడ పుట్టిందో చూద్దాం.

ఆ లోయకి అరబ్బులు ఎవరూ వలస వచ్చి ఆ పేరు తేలేదు. ఖర్జూరం చెట్లు తెచ్చాయి. అమెరికా వ్యవసాయ శాఖ తరఫున వాల్టర్ స్వింగిల్ 1900లో అల్జీరియా నుంచి ఖర్జూరం పిలకలు పంపించాడు. ఎండ, ఇసుక, కింద నుంచి ఎగదన్నే నీరు, మూడూ కుదిరి చెట్లు బతికాయి. అప్పటి నుంచి ఆ లోయకి అరేబియా పిచ్చి పట్టింది. ఒక ఊరు పేరు మార్చుకుని మక్కా అయింది. మరొకటి ఒయాసిస్. ఆ నేల అంతకు ముందు కహుయియా అనే మూలవాసులది. వాళ్ళకి తమ ఈతజాతి చెట్లు తమకి ఉన్నాయి, వాటి కింద ఇళ్ళున్నాయి, వాటి ఆకులతో పైకప్పులున్నాయి. కాని ఆ కథని అమ్ముకోవడం కష్టం. వేల మైళ్ళ అవతలి కథని అమ్ముకోవడం తేలిక.

ఖర్జూరం గురించి బోటనీ పాఠం ఒకటి చెప్పుకోవాలి, విసుక్కోకండి. మన తాడిలోలాగే ఖర్జూరంలోనూ పోతుచెట్టు వేరు, పెంటిచెట్టు వేరు. కాసేది పెంటిచెట్టే. గింజ నాటితే పోతుదో పెంటిదో తెలీదు, పండు తల్లిలా వస్తుందన్న నమ్మకమూ లేదు. అందుకని మంచి తల్లిచెట్టు మొదట్లో లేచిన పిలకల్ని వేరుచేసి నాటుతారు. యాభై పెంటిచెట్లకి ఒక పోతుచెట్టు చాలు. పుప్పొడిని మనుషులే నిచ్చెనలెక్కి గెలలకి అద్దుతారు. 1927లో మొరాకో నుంచి మెజూల్ రకం పదకొండు పిలకలు వచ్చాయి, తొమ్మిది బతికాయి. అమెరికాలో మెజూల్ తోటలు విస్తరించింది ప్రధానంగా ఆ తొమ్మిది పిలకల సంతతితోనే.

అంటే ఆ లోయ సంపదంతా ఆడచెట్లది, తల్లుల నుంచి విడదీసి ఓడలెక్కించిన పిలకలది. దానికి కృతజ్ఞతగా ఒక బడి గుర్తు పెట్టుకోవాలనుకుంటే ఏం పెట్టుకోవాలి? గెల పెట్టుకోవచ్చు. చెట్టు పెట్టుకోవచ్చు. వాళ్ళు పెట్టుకున్నది గడ్డం ఉన్న మొహం. ఇండియోలో 1924 నుంచి ఉన్న షీల్డ్స్ అనే ఖర్జూరం దుకాణంలో యాత్రికులకి ఒక బొమ్మల ప్రదర్శన వేస్తూ వచ్చారు. దాని పేరు 'ఖర్జూరం ప్రణయం, లైంగిక జీవితం'. చెట్టు కాపుని కూడా చిలిపి కబురుగా మార్చకపోతే పండు అమ్ముడుపోదేమో!

ఆ పిలకలు తెచ్చిన వాళ్ళలో ఇంకొకడున్నాడు. నిజానికి ఈ వ్యాసం రాయడానికి నన్ను కూర్చోబెట్టింది అతనే. పేరు పాల్ పోపెనో. 1912, 1913 సంవత్సరాల్లో ఇరాక్, అల్జీరియా ప్రాంతాలు తిరిగి, కాలిఫోర్నియాలో తండ్రి నడిపే నర్సరీ కోసం దాదాపు పదహారు వేల పిలకలు పంపించాడు. 1913లో ఖర్జూరం సాగు మీద పుస్తకం రాశాడు. అక్కడితో ఆగితే తోటల చరిత్రలో మిగిలిపోయేవాడు. మంచి చెట్టు పిలకనే నాటాలన్న సూత్రాన్ని అతను మనుషులకి పట్టించాడు. 1918లో యూజెనిక్స్ మీద పాఠ్యగ్రంథానికి సహరచయిత అయ్యాడు. కాలిఫోర్నియాలో 1909 నుంచి బలవంతపు వంధ్యీకరణ చట్టం ఉంది. ఆ ఆపరేషన్లు ఎంత మేలు చేశాయో చెప్పే పుస్తకాన్ని 1929లో ఇంకొకరితో కలిసి వేశాడు. నాజీ జర్మనీ వంధ్యీకరణ చట్టాన్ని 1934లో మెచ్చుకుంటూ రాశాడు. ఆ రాష్ట్రంలో ఆ చట్టం కింద దాదాపు ఇరవై వేల మందికి ఆపరేషన్లు జరిగాయి. 1979 దాకా చట్టాన్ని రద్దు చెయ్యలేదు.

ఇదే మనిషి 1930లో లాస్ ఏంజిలిస్‌లో దాంపత్య సలహా కేంద్రం పెట్టాడు. 1953 నుంచి ఒక పెద్ద మహిళా పత్రికలో 'ఈ కాపురం నిలబెట్టవచ్చా?' అనే శీర్షిక అతని కేంద్రంలోని కేసులతోనే మొదలైంది. ఎవరు పిల్లల్ని కనకూడదో చెప్పిన నోటితోనే ఎవరు సర్దుకుపోవాలో చెప్పాడు. మన వారపత్రికల్లో 'మీ సమస్యలకు మా సలహా' చదివి పెరిగిన వాళ్ళం, ఆ గొంతు ఎలా ఉంటుందో మనకి ఎవరూ వర్ణించి చెప్పక్కర్లేదు.

ఇక్కడొక మెలిక ఉంది. కోచెల్లా వ్యాలీ హైస్కూల్లో ఇప్పుడు చదివే పిల్లలు దాదాపు అందరూ మెక్సికన్ మూలాలున్న వాళ్ళు, తోటల్లోనూ ప్యాకింగు షెడ్లలోనూ పనిచేసే వాళ్ళ పిల్లలు. కాలిఫోర్నియా వంధ్యీకరణల జాబితాల్లో స్పానిష్ ఇంటిపేర్లు జనాభా నిష్పత్తిని మించి ఉన్నాయని పరిశోధకులు తేల్చారు. చట్టం చివరి రోజుల్లో కూడా లాస్ ఏంజిలిస్ ప్రభుత్వాసుపత్రిలో పురిటినొప్పుల మధ్య, రాని భాషలో కాగితాల మీద సంతకాలు పెట్టించి ఆపరేషన్లు చేశారని మెక్సికన్ మూలాలున్న పదిమంది స్త్రీలు కోర్టుకెక్కారు. 1978లో ఓడిపోయారు. ప్రభుత్వ సంస్థల్లో వంధ్యీకరణకి గురై బతికున్న వాళ్ళకి పరిహారం ఇచ్చే చట్టం 2021లో గాని రాలేదు. మా ఊళ్ళో ఆడవాళ్ళని 'ఆపరేషనయిందా?' అని అడిగితే ఏ ఆపరేషనో చెప్పక్కర్లేదు. కాబట్టి ఆ పదిమంది నాకు పరాయివాళ్ళు కారు. పిలకలు తెచ్చిన చెయ్యి, ఆ పిల్లల అమ్మమ్మల కాలం మీద పడ్డ చెయ్యి ఒకటే. బడి గుర్తు పుట్టుక గురించి తవ్వదలిస్తే తవ్వాల్సింది ఈ మట్టిని. 2013, 2014ల్లో అంత చర్చ జరిగింది, అందులో నేను చదివినంతలో ఎక్కడా ఈ మనిషి ప్రస్తావన లేదు. మాట్లాడింది ముక్కు వంపు గురించి.

మొహం ఎక్కడిదో ఊహించడం కష్టం కాదు. ఎడారిలో షేక్ ఒక తెల్ల యువతిని ఎత్తుకుపోయి బలాత్కరిస్తే ఆమె అతన్నే ప్రేమించే నవల 1919లో ఇంగ్లండులో వచ్చింది. రాసింది స్త్రీ, ఇ. ఎం. హల్. 1921లో వాలెంటినో సినిమా అయింది. అమెరికా కుర్రాళ్ళు తమని తాము 'షేక్'లని పిలుచుకున్నారు. ఆ గాలిలోనే ఖర్జూరం బడి పిల్లలు అరబ్బులయ్యారు. పక్క ఊరు ఇండియో. స్పానిష్‌లో ఆ మాటకి ఇండియన్ అని అర్థం. అక్కడి హైస్కూలు జట్ల పేరేమిటో తెలుసా? రాజాలు. నిజంగానే, మన రాజాలు. తూర్పు దేశాలన్నీ కలిపి ఒకటే మూట కట్టుకుని, అందులోంచి తలా ఒక తలపాగా తీసుకున్నారు. రాణి ఎవరికీ గుర్తు రాలేదు.

రాణి మాత్రం ఉంది, వేరేచోట. ఇండియోలో ఏటా ఖర్జూరం జాతర జరిగేది. 1947లో దానికి అరేబియన్ నైట్స్ హంగు తొడిగారు. ఒంటె పందాలు, మినార్లు ఉన్న రంగస్థలం, ఏటా చుట్టుపక్కల హైస్కూలు అమ్మాయిల్లోంచి ఎన్నుకునే 'షెహ్రజాద్ రాణి', ఆమె వెనక చెలికత్తెలు. చరిత్రకారిణి సేరా సీకట్జ్ ఆ ప్రాంతపు 'అరేబియా' మీద చేసిన పరిశోధన ద్వారా నేను ఈ సంగతిలోకి వచ్చాను. పాత ఫొటోల్లో అమ్మాయిలు పల్చటి ముసుగులు, బుట్టలాంటి పైజామాలు, బయటపడ్డ నడుములతో నవ్వుతుంటారు.

నాకు ఒళ్ళు మండింది ఇక్కడే. షెహ్రజాద్ ఎవరు? పెళ్ళాడిన ప్రతి స్త్రీనీ తెల్లారేసరికి చంపించే రాజు దగ్గరికి తనంత తాను వెళ్ళి, వెయ్యిన్నొక్క రాత్రులు కథలు చెప్పి, తననీ మిగిలిన ఆడపిల్లల్నీ కాపాడుకున్న మనిషి. వెళ్ళేముందే వెయ్యి పుస్తకాలు సేకరించుకున్నదని కథే చెబుతుంది. మన శుకసప్తతిలో చిలక కథలు చెప్పేది ఆడదాన్ని గడప దాటకుండా ఆపడానికి. షెహ్రజాద్ చెప్పేది కత్తిని ఆపడానికి. నా థీసిస్ సగం ఈ తేడా మీదే నడిచింది. ఆ స్త్రీ నోరు మూసి, నడుము మాత్రం మిగిల్చి, పదిహేడేళ్ళ పిల్ల తలమీద కిరీటం పెట్టారు. పాశ్చాత్యులు షెహ్రజాద్ మెదడుని తీసేసి ఒంటిని ఉంచుకున్నారని మొరాకో రచయిత్రి ఫాతిమా మెర్నిస్సీ 2001లో పుస్తకమే రాసింది. 2003లో మోహ్జా కహ్ఫ్ తన కవితాసంపుటి పేరులో షెహ్రజాద్ చేత ఈ-మెయిళ్ళు రాయించింది. అరబ్ స్త్రీలు ఆమెని వెనక్కి తెచ్చుకునే పనిలో ఎప్పటినుంచో ఉన్నారు. కొత్త బొమ్మ గీయించే బల్ల దగ్గర వాళ్ళ ఆలోచన కూడా ఉండి ఉంటే ఆ బొమ్మలో ఒక్క దవడే ఉండేదా?

ఇక మైదానంలో డాన్సు చేసిన అమ్మాయి. ఆ డాన్సు అమెరికాలో నలుగురి నోటా పడింది 1893 చికాగో ప్రపంచ ప్రదర్శనలో. చికాగో, 1893 అంటే మనకి వివేకానందుడు తప్ప ఇంకెవరూ గుర్తు రారు. ఆ ప్రదర్శనలోనే 'కైరో వీధి' అని ఒక వీధి కట్టి, టిక్కెట్టు పెట్టి, అరబ్ ప్రాంతాల స్త్రీల చేత నాట్యం చేయించారు. జనం విరగబడి చూశారు, చూసి ఛీ అన్నారు. అదే 1893లో మద్రాసులో సంఘసంస్కర్తలు నాచ్ పార్టీలకి వెళ్ళొద్దని గవర్నరుకీ వైస్రాయికీ విజ్ఞాపన పెట్టారు. అక్కడ చూడ్డానికి కట్టిన వీధి, ఇక్కడ చూడకుండా తిప్పుకున్న మొహం. రెండుచోట్లా ఆమెని ఒక్క మాట అడిగిన వాళ్ళు లేరు.

ముందే చూశామని అన్నది ఇదే. మన సంస్కరణ కూడా మగవాడి మర్యాద దిద్దడానికి భోగం స్త్రీని ఇంట్లోంచీ, పందిట్లోంచీ, పుస్తకంలోంచీ పంపించింది. బెంగుళూరు నాగరత్నమ్మ 1910లో ముద్దుపళని కావ్యాన్ని పూర్తిగా అచ్చువేస్తే మరుసటి ఏడాది ప్రభుత్వం నిషేధించింది. మధురవాణికి ఉన్న తెలివి ఆ నాటకంలో ఇంకెవరికీ లేదని నూట పాతికేళ్ళుగా ఒప్పుకుంటూనే ఉన్నాం, ఆ వృత్తిలోని అసలు స్త్రీలని మాత్రం చరిత్రకి అవతలే ఉంచాం. నేను నిషేధాలన్నిటికీ వ్యతిరేకినని అనుకోవద్దు. జోగినీల విషయంలో 1988 చట్టం రావాల్సిందే, ఆ స్త్రీలే పోరాడి అడిగారు. తేడా అక్కడే ఉంది, అడిగిందెవరు అన్నదాంట్లో. బెల్లీ డాన్సు కైరో రంగస్థలాల మీద గొప్ప కళాకారిణుల్ని తయారుచేసిన విద్య. ప్రాచ్యవాదాన్ని మనకి విప్పిచెప్పిన ఎడ్వర్డ్ సయీదే తహియా కారియోకా అనే నర్తకి మీద ప్రేమగా వ్యాసం రాశాడు. ఆ విద్యని మైదానంలో వెక్కిరింత చేసిందీ పెద్దలే, అది వెక్కిరింత అయింది గనక తీసేసిందీ పెద్దలే.

సొంత గోడు ఒకటి చెప్పకపోతే ఈ కోపం ఎక్కడిదో మీకు తెలియదు. నేను తొమ్మిదో తరగతిలో ఉండగా మా బడి వార్షికోత్సవంలో 'అరబ్బు డాన్సు' వేయించారు. టేపులో ఒక సినిమా పాట. సుల్తాను వేషానికి ఎనిమిదో తరగతి అబ్బాయి, కాటుకతో గడ్డం దిద్దారు. ముందు ఆడింది నేను. ముసుగు మా పిన్ని మస్కట్ నుంచి తెచ్చిన చున్నీయే. చప్పట్లు బాగానే పడ్డాయి. మొదటి వరసలో కూర్చున్న పెద్దలు బహుమతి కూడా ఇచ్చారు. కొన్నేళ్ళకి బడి స్వర్ణోత్సవ సంచిక వచ్చింది. అందులో ఆ వేదిక ఫొటో ఉంది. సుల్తాను సింహాసనం మీద ఒక్కడే ఉన్నాడు. నేను నిలబడ్డ వైపు కత్తిరించారు. అడిగితే, "ఆడపిల్లవి, రేపు పెళ్ళి కావాల్సిన దానివి, నీ మంచికేనమ్మా" అన్నారు. ఆడించినప్పుడు నా మంచి ఎవరికీ గుర్తు రాలేదు. ఫొటోలో కింద మూల నా చున్నీ కొస మాత్రం మిగిలింది, కత్తెరకి అందక.

ఒక ఆటబొమ్మ మీద ఇంత రాద్ధాంతమా అని అడిగే వాళ్ళు ఉంటారు. ఆ బడి పిల్లలకి, పాత విద్యార్థులకి ఆ పేరంటే ప్రాణం. పేదవాళ్ళ బడి, గెలిచినప్పుడు అరుచుకోడానికి వాళ్ళకున్న పేరు అది. దాన్ని వెక్కిరించే హక్కు నాకు లేదు, తీసెయ్యమనీ అనడం లేదు. కాని ఆ పిల్లల్లో సగం ఆడపిల్లలు. అమెరికా కాలేజీల్లో సగానికి పైగా స్త్రీల జట్లకి 'లేడీ' లాంటి తోకలు తగిలించి వాళ్ళ ఆటని చులకన చేస్తున్నాయని ఐట్జెన్, మాక్సీన్ బాకా జిన్ అనే సామాజికశాస్త్రవేత్తలు 1989లోనే లెక్కతీసి చూపించారు. జట్టు గుర్తుగా గడ్డమున్న మొహం నిలబెట్టాక ఆ పిల్లలు ఆ గుర్తులో ఎక్కడ నిలబడాలి? పాత పద్ధతిలో ఆమెకి ఒక నీచమైన చోటుండేది. కొత్త పద్ధతిలో ఏ చోటూ లేదు. దీన్ని ముందడుగని ఒప్పుకోమంటే నేను ఒప్పుకోను. షెహ్రజాద్‌ని పుస్తకంతో సహా గోడమీద గీయండి. గెల గీయండి. పిలకలు తెచ్చినవాడి పూర్తి చరిత్ర పాఠంగా పెట్టండి. ఆ లోయ పిల్లలకి అది వాళ్ళ అమ్మమ్మల చరిత్ర కూడా.

పిన్ని ఇప్పుడు ఊళ్ళోనే ఉంటోంది, మోకాళ్ళ నొప్పులు. మొన్న వెళ్ళినప్పుడు ఫోనులో ఆ రెండు బొమ్మలూ చూపించాను, పాతదీ కొత్తదీ. కళ్ళజోడు పెట్టుకుని చాలాసేపు చూసింది.

"ఇలాంటోళ్ళెవరూ నాకు తెలీదే" అంది. "బాబా మొహం నేనెప్పుడు చూశాననీ, పన్నెండేళ్ళూ వంటింట్లోనే గదా. మామా అయితే ఎదురుగా ఉన్నట్టే ఉంది. రాత్రిళ్ళు నిద్రపట్టక వంటింట్లోకొచ్చి కూచునేది. ఖర్జూరం గింజలు తీస్తా ఏవో కథలు చెప్పేది. మొదట్లో ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. తర్వాత తర్వాత అర్థమైంది."

ఏం కథలు పిన్నీ అని అడిగాను. టీ పెట్టమంది, చెబుతానని.